ఖాళీ బెల్టు ఎవరిది? రెజ్లింగ్ టైటిల్ హిస్టరీ చదివే పద్ధతి

మీలో చాలామంది చిన్నప్పుడు రెజ్లింగ్ ట్రంప్ కార్డ్స్ ఆడే ఉంటారు. ర్యాంక్, హైట్, వెయిట్, చెస్ట్, బైసెప్స్. ఖలీ కార్డు చేతిలో పడిందంటే ఇంకేం ఆలోచించకుండా ‘హైట్’ అని అరిచేయడమే. కానీ ఆ కార్డుల మీద ఒక సమాచారం ఉండదు. ఆ మనిషి ఛాంపియన్ ఎప్పుడయ్యాడు, బెల్టు ఎవరి దగ్గర తీసుకున్నాడు, ఎవరికి పోగొట్టుకున్నాడు. ఇవన్నీ వరుసగా ఒక టేబుల్‌లో పెడితే దాన్ని టైటిల్ హిస్టరీ అంటారు. ఫ్యాన్స్ ‘లీనియేజ్’ అని కూడా అంటారు, అంటే వంశావళి. ఆ టేబుల్‌ని ఎలా చదవాలో ఈ వ్యాసంలో చెప్తాను.

‘అదంతా ఫేక్ కదా, తెలుగు క్లబ్ పత్రికలో దానికేం పని?’ అని మా రూమ్మేట్ అడిగాడు. ఎవరు గెలవాలో ముందే రాసి పెట్టుకుంటారు, నిజమే. నా పాయింట్ కూడా అదే. క్రికెట్ స్కోరు కార్డు జరిగినదాన్ని చెప్తుంది. రెజ్లింగ్ టైటిల్ హిస్టరీ మాత్రం ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయాల్ని చెప్తుంది. అంటే అది లెక్కల పుస్తకం వేషం వేసుకున్న కథ. కథల్ని చదవడమే కదా మన క్లబ్ పని.

టేబుల్ చూడ్డానికి చాలా సింపుల్. నంబరు, ఛాంపియన్ పేరు, గెలిచిన తేదీ, ఊరు, ఎన్ని రోజులు ఉంచుకున్నాడు, చివర్లో నోట్స్. ‘ఎవర్ని ఓడించి’ అనే కాలమ్ చాలాసార్లు ఉండదు, ఎందుకంటే పై వరుసలో ఉన్నవాడే దానికి జవాబు. డేటా స్ట్రక్చర్స్ క్లాసులో నిద్రపోనివాళ్ళకి ఇప్పటికే వెలిగి ఉంటుంది, ఇది లింక్డ్ లిస్ట్. ప్రతి ఛాంపియన్ తన ముందువాడిని చూపిస్తాడు. చిక్కంతా ఆ గొలుసు తెగిన చోట వస్తుంది.

ఖలీతోనే మొదలుపెడదాం. హిమాచల్ ప్రదేశ్ నుంచి వెళ్ళిన దలీప్ సింగ్ రాణా 2007 జులైలో డబ్ల్యూడబ్ల్యూఈ వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఎవర్ని ఓడించి? ఛాంపియన్‌ని మాత్రం కాదు. అప్పటి ఛాంపియన్ ఎడ్జ్‌కి దెబ్బ తగిలి బెల్టు వదులుకున్నాడు. దాంతో టేబుల్‌లో ‘ఖాళీ’ అని ఒక వరుస వచ్చింది. ఆ ఖాళీని నింపడానికి చాలామందిని ఒకేసారి రింగులోకి దింపి బ్యాటిల్ రాయల్ పెట్టారు, అందులో ఖలీ గెలిచాడు. ఖాళీ తర్వాత ఖలీ. తెలుగులో చదివేవాళ్ళకి మాత్రమే దొరికే జోకు ఇది.

ఇంకో సంగతి. ఆ మ్యాచ్ టెక్సస్‌లోని లరేడోలో జులై 17న జరిగింది, టీవీలో జులై 20న వచ్చింది. సెప్టెంబర్ 16న బటిస్టా చేతిలో బెల్టు పోయింది. మ్యాచ్ జరిగిన రోజు నుంచి లెక్కేస్తే 61 రోజులు, టీవీలో చూసిన రోజు నుంచి లెక్కేస్తే 58. మూడు రోజులే తేడా, కానీ ఆ మూడు రోజులు ఛాంపియన్ ఎవరు? స్టేడియంలో కూర్చున్నవాళ్ళకి ఒక జవాబు, ఇంట్లో టీవీ ముందున్నవాళ్ళకి ఇంకో జవాబు. అందుకే తేదీ కాలమ్ చదివేటప్పుడు ‘ఎవరి తేదీ’ అని అడగాలి.

జిందర్ మహల్ విషయంలో లెక్క క్లియర్‌గానే ఉంటుంది. కెనడాలో పుట్టిన పంజాబీ. 2017 మే 21న ర్యాండీ ఆర్టన్‌ని ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ టైటిల్ గెలిచాడు, నవంబర్ 7న మాంచెస్టర్‌లో ఏజే స్టైల్స్‌కి పోగొట్టుకున్నాడు. 170 రోజులు. మన దేశంలో మార్కెట్ పెంచుకోడానికే అతన్ని ఛాంపియన్ చేశారని అప్పట్లో అందరూ అన్నారు. తీరా డిసెంబర్ 9న ఢిల్లీలో షో పెట్టేసరికి ఆయన చేతిలో బెల్టు లేదు. ఆ రోజు ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడిపోయాడు కూడా. ఇదంతా టేబుల్‌లో కనిపించదు. ‘170’ అనే అంకె ఒక్కటే కనిపిస్తుంది.

పెద్ద కంపెనీల టేబుల్స్ కంటే ఇండిపెండెంట్ ప్రమోషన్ల టేబుల్స్ చదవడం నాకు ఎక్కువ ఇష్టం. ప్రమోషన్ అంటే మనకి ఉద్యోగంలో వచ్చేది కాదు, రెజ్లింగ్ షోలు పెట్టే సంస్థ. ఇండిపెండెంట్ అంటే టీవీ కాంట్రాక్టు, పెద్ద పెట్టుబడి లేకుండా ఏ హాల్లోనో గ్రౌండ్‌లోనో షో పెట్టుకునేవాళ్ళు. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ గణేశ్ మండపాలకీ వచ్చే ఆర్కెస్ట్రా ట్రూప్ లాంటిది అనుకోండి. సింగర్ ఇవాళ ఒక ట్రూప్‌లో, రేపు ఇంకో ట్రూప్‌లో. రెజ్లర్ కూడా అంతే. అందుకని వీళ్ళ టేబుల్స్‌లో ‘ఖాళీ’ వరుసలు ఎక్కువ. ఛాంపియన్‌కి దెబ్బ తగిలింది, ఛాంపియన్‌ని పెద్ద కంపెనీ తీసుకెళ్ళింది, ఛాంపియన్ షోకి రాలేకపోయాడు, ఓనర్‌తో పడలేదు. ఒక్కోసారి షోలే ఆగిపోతాయి. అప్పుడు చివరి ఛాంపియన్ పేరు పక్కన రోజుల లెక్క ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలీదు.

మన దేశంలో ఇలాంటి టేబుల్స్ చిన్నవి. అమెరికా కంపెనీ టీఎన్ఏ వెనక ఉండి నడిపిన ‘రింగ్ కా కింగ్’ 2012లో కలర్స్ ఛానల్‌లో వచ్చింది, షూటింగ్ పుణెలో. మొదటి ఛాంపియన్ మ్యాట్ మోర్గన్ అనే అమెరికన్. ఒక్క సీజన్‌తో షో ఆగింది, బెల్టు కథ కూడా అక్కడే ఆగింది. 2015లో ఖలీ జలంధర్‌లో కాంటినెంటల్ రెజ్లింగ్ ఎంటర్‌టైన్‌మెంట్ పెట్టాడు. 2016లో అక్కడ సల్వార్ కమీజ్‌లోనే రింగులోకి దిగి బుల్‌బుల్ అనే రెజ్లర్‌ని ఎత్తి పడేసిన కవితా దేవి వీడియో మీ ఫోన్లలో కూడా తిరిగే ఉంటుంది. ఆమె హర్యానా వెయిట్‌లిఫ్టర్, అదే ఏడాది సౌత్ ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చింది, 2017కల్లా డబ్ల్యూడబ్ల్యూఈలో ఉంది. ఆ మ్యాచ్ బెల్టు కోసం కాదు, ఓపెన్ ఛాలెంజ్. కాబట్టి అందరూ చూసిన ఆ మ్యాచ్‌కి ఏ టైటిల్ టేబుల్‌లోనూ వరుస లేదు.

ఇక నాకు బాగా తెలిసిన ఇండిపెండెంట్ ప్రమోషన్ గురించి చెప్తాను. ఓనరూ మేమే, రెజ్లర్లూ మేమే. సూర్యాపేట నుంచి నేనూ మా తమ్ముడూ, మిర్యాలగూడ నుంచి పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న, కోదాడ నుంచి పిన్ని కూతురు. 2015 ఎండాకాలం సెలవుల్లో మొదలైంది. పెద్దనాన్న రైస్ మిల్లులో గుమస్తా. ఇంటి వెనక షెడ్డులో ఊక నింపిన గోనె సంచులు పరిస్తే అదే రింగు. బెల్టేమో అట్టపెట్టె ముక్క, దాని మీద చాక్లెట్ల బంగారు కాగితం, వెనక కట్టుకోడానికి పాత సైకిల్ ట్యూబు. దసరాకి మా ఇంటి మిద్దె మీద, సంక్రాంతికి కోదాడలో, ఇలా షో ఊరూరా తిరిగేది. అన్నకి పదకొండేళ్ళు, అందరికంటే పెద్దోడు, పైగా చేతిరాత బాగుంటుంది. కాబట్టి లాంగ్ నోట్‌బుక్‌లో టైటిల్ హిస్టరీ రాసే పని ఆయనదే.

ఆ నోట్‌బుక్ నిజంగా మంచి డేటా. అందులో అందరికంటే ఎక్కువ రోజులు ఛాంపియన్‌గా ఉన్నది ఎవరో తెలుసా? మా తమ్ముడు. ఆరేళ్ళోడు. ఎలాగంటే దసరా సెలవుల చివరి రోజు అన్నకి జ్వరం వస్తే మీద పడుకుని పిన్ చేశాడు. మర్నాడు స్కూళ్ళు తెరిచారు. సంక్రాంతి దాకా మళ్ళీ మ్యాచే లేదు. రోజుల కాలమ్‌లో పెద్ద అంకె కనిపిస్తే మధ్యలో ఎన్ని మ్యాచ్‌లు జరిగాయో చూడాలని నాకు అప్పుడే తెలిసింది. అన్న మాత్రం ఇది ఒప్పుకోలేదు. ‘సెలవు రోజులే లెక్క’ అని కొత్త రూలు పెట్టాడు. ఆ రూలు ప్రకారం రికార్డు అన్నదే, 2016 ఎండాకాలంలో వరసగా నలభై ఒక్క రోజులు.

ఆ నలభై ఒక్క రోజుల మధ్యలోనే ఒకటి జరిగింది. ఒక సాయంత్రం చెల్లె, అప్పటికి ఎనిమిదేళ్ళు, అన్నని కాలు పట్టి లాగి సంచుల మీద పడేసి ఎక్కి కూర్చుంది. తమ్ముడు మూడు లెక్కపెట్టాడు. చెల్లె బెల్టు తీసుకుని నడుముకి కట్టుకుంది కూడా. రాత్రి నోట్‌బుక్ చూస్తే వరుస లేదు.

“నేను గెలిచిన గదా, రాయవేందన్నా?”

“అది టైటిల్ మ్యాచ్ కాదు. ముందుగాల చెప్పలేదు.”

“మూడు లెక్కపెట్టిండు గదా తమ్ముడు!”

“పొద్దుగాల నువ్వు మ్యాచ్ అడిగినవా? అడగలే. మల్లెట్లైతది?”

అంతకుముందు ఏ మ్యాచ్‌కీ ఎవరూ అడగలేదు. చెల్లె బెల్టు తీసి సంచుల మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది. ఆ సెలవుల్లో మళ్ళీ షెడ్డులోకి రాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ‘ఆడపిల్లకి ఆ కుస్తీలేంది, మంచిగైంది’ అన్నారు. ఆ మాట నాకిప్పటికీ నచ్చదు.

సరిగ్గా ఇలాంటిదే డబ్ల్యూడబ్ల్యూఈ చరిత్రలో ఉందని ఈ మధ్యే చదివాను. 1979 నవంబర్ 30న జపాన్‌లోని తోకుషిమాలో ఆంటోనియో ఇనోకి అప్పటి ఛాంపియన్ బాబ్ బ్యాక్‌లండ్‌ని ఓడించాడు. చేతికి బెల్టు వచ్చింది. కానీ కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు, ఇప్పటికీ వాళ్ళ అఫీషియల్ టేబుల్‌లో ఇనోకి పేరు లేదు. బ్యాక్‌లండ్ 1978 ఫిబ్రవరి 20 నుంచి 1983 డిసెంబర్ 26 దాకా ఏకధాటిగా 2,135 రోజులు ఛాంపియన్ అని ఉంటుంది. ఇనోకి వరుస చేర్చారనుకోండి, ఆ 2,135 అక్కడే రెండు ముక్కలవుతుంది. లింక్డ్ లిస్ట్‌లో మధ్యన ఒక నోడ్ పెట్టడానికి రెండు పాయింటర్లు మారిస్తే చాలు, కోడ్‌లో ఐదు నిమిషాల పని. మనుషుల మధ్య మాత్రం ఆ ఒక్క నోడ్ పెడితే ఇంకొకరి రికార్డు విరిగిపోతుంది. కాబట్టి ఏ టేబుల్‌లోనైనా ఒక వరుసని ఎందుకు ఒప్పుకోలేదో తెలియాలంటే, వాళ్ళు చెప్పే కారణం పక్కన పెట్టి, ఆ వరుస చేరితే ఎవరి అంకె తగ్గుతుందో చూడండి. మా నోట్‌బుక్‌లో అది నలభై ఒకటి.

ఇనోకి కనీసం రింగు దాకా వెళ్ళాడు. గామా పహిల్వాన్‌కి ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వరల్డ్ టైటిల్ గొలుసు ఇలా ఉంటుంది: 1905లో న్యూయార్క్‌లో జార్జ్ హ్యాకెన్‌ష్మిట్, 1908లో చికాగోలో అతన్ని ఓడించి ఫ్రాంక్ గాచ్. 1910లో గామా లండన్ వెళ్ళి ఇద్దరికీ సవాలు విసిరాడు, ఇద్దరూ రాలేదు. వచ్చినవాళ్ళలో అమెరికన్ డాక్టర్ రోలర్‌ని ఓడించాడు. తర్వాత సెప్టెంబర్ 10న పోలండ్ వస్తాదు స్టానిస్లాస్ జిబిస్కో. రెండున్నర గంటలకు పైగా జిబిస్కో నేలకి కరుచుకుని పడుకున్నాడు, మ్యాచ్ డ్రా. వారం తర్వాత మళ్ళీ పెడితే జిబిస్కో అసలు రాలేదు. గామాకి జాన్ బుల్ బెల్టు ఇచ్చారు.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆ జిబిస్కో 1921లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు, 1925లో మళ్ళీ అయ్యాడు. ఆ రెండోసారి కథ వేరే లెవెల్. ప్రమోటర్లు వేన్ మన్ అనే ఫుట్‌బాల్ ఆటగాణ్ణి ఛాంపియన్‌గా పెట్టుకుంటే, జిబిస్కో రాసుకున్న కథని పక్కన పడేసి రింగులో అతన్ని నిజంగానే చిత్తు చేశాడు. అంత గట్టి మనిషిని 1928లో పటియాలాలో గామా నిమిషం లోపే పడేశాడు. కానీ అప్పటికి జిబిస్కో దగ్గర బెల్టు లేదు, కాబట్టి గొలుసులో ఏమీ కదల్లేదు. రెండుసార్లు ఛాంపియన్‌గా టేబుల్‌లో ఉన్నవాడూ, అతన్ని నిమిషంలో ఓడించి టేబుల్‌లో లేనివాడూ.

దారా సింగ్ విషయంలో ఇది తిరగబడింది. 1968లో బొంబాయిలో ఆయన లూ థెజ్‌ని ఓడించి వరల్డ్ ఛాంపియన్ అయ్యాడని మన దగ్గర ప్రతి వ్యాసంలో ఉంటుంది. థెజ్ చాలా పెద్ద పేరే. కానీ ఎన్‌డబ్ల్యూఏ వరల్డ్ టైటిల్ టేబుల్ తీస్తే, థెజ్ ఆ బెల్టుని 1966 జనవరిలోనే జీన్ కినిస్కీకి పోగొట్టుకున్నాడు, 1969 ఫిబ్రవరి దాకా కినిస్కీయే ఛాంపియన్. మరి దారా సింగ్ గెలిచిందేంటి? బొంబాయి జనం నమ్మిన వరల్డ్ టైటిల్. అది అబద్ధం అని నేను అనను. ‘వరల్డ్’ అనే మాట ఎవరి సొత్తూ కాదు, ఏ ప్రమోషన్ అయినా బెల్టు మీద చెక్కించుకోవచ్చు. కాకపోతే రెండు వేర్వేరు గొలుసుల్ని ఒకటిగా ముడేయకూడదు.

మన తెలుగువాళ్ళలో ఎవరున్నారని వెతికితే మొదట వచ్చే పేరు కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, కుస్తీ నేర్చి, సర్కస్ కంపెనీ పెట్టిన మనిషి. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకోవడం, ఇనుప గొలుసులు తెంచడం ఆయన ప్రదర్శనలు. 1942లో పోయారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే ఉంది. ఆయనకి ‘కలియుగ భీముడు’, ‘ఇండియన్ హెర్క్యులస్’ అని పేర్లు. కానీ వీటికి టైటిల్ హిస్టరీ రాయలేం. ఆయన కంటే ముందు కలియుగ భీముడు ఎవరు? తర్వాత ఎవరు? ఎవరూ లేరు. తెలుగులో టైటిల్‌కి ‘బిరుదు’ అని అనువాదం చేసేస్తాం గానీ రెండూ ఒకటి కావు. టైటిల్ ఒకరి దగ్గర్నుంచి లాక్కునేది, ఇంకొకరికి పోయేది. బిరుదు ఇచ్చేది, ఇచ్చాక పోదు. పాయింటర్ లేని నోడ్. మా సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్ల కాలం నాటి గుళ్ళు, శాసనాలు ఉన్నాయి. రాజుల శాసనాల్లో బిరుదులు వరసకట్టి ఉంటాయి, ఓడిపోయిన యుద్ధాల లిస్టు మాత్రం ఉండదు. బిరుదుల లోకంలో ఓటమికి కాలమే లేదు.

ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది హింద్ కేసరి. 1958లో మొదలైంది. 1959లో శ్రీపతి ఖంచనాళే, 1960లో గణపతరావ్ ఆందళకర్, ఇద్దరూ మహారాష్ట్ర మల్లులే. 2023 జనవరిలో పోటీలు మన హైదరాబాద్‌లో పెడితే పుణెకి చెందిన అభిజిత్ కట్కే గెలిచాడు. ఇక్కడ గెలవడానికి పాత విజేతని ఓడించక్కర్లేదు, ఆ ఏడాది టోర్నమెంట్ గెలిస్తే చాలు. అంటే ఇది లింక్డ్ లిస్ట్ కాదు, ఏడాదికో గడి ఉన్న అర్రే. ఒక గడి ఖాళీగా ఉన్నా పక్క గడికి నష్టం లేదు. కథలు కూడా తక్కువే పుడతాయి, నిజం చెప్పొద్దూ.

పోయిన సంక్రాంతికి మా పెద్దమ్మవాళ్ళు ఇల్లు మారుతూ పాత కాగితాలు అమ్మేస్తుంటే అన్న ఆ నోట్‌బుక్ తీసి పేజీలన్నీ ఫోటోలు కొట్టి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. నేను కూర్చుని షీట్‌లోకి ఎక్కించాను, లింక్ పంపాను. అందరూ నవ్వుకునే ఎమోజీలు పెట్టారు. చెల్లె ఒక్కటే రాసింది: “ఏడో నంబరు తర్వాత ఒక లైన్ మిస్సైంది.” తొమ్మిదేళ్ళ తర్వాత కూడా నంబరుతో సహా గుర్తుంది.

ఫ్యాన్స్ రాసుకునే టేబుల్స్‌లో ఒప్పుకోని గెలుపులకి ఒక పద్ధతి ఉంది. పేరు రాస్తారు, తేదీ రాస్తారు, నంబరు దగ్గర మాత్రం గీత పెడతారు. నేనూ అదే చేసి చూపించాను. చెల్లె ఒప్పుకోలేదు. “గీత ఎందుకు? నంబరెయ్యి.” నంబరేస్తే ఏడు తర్వాత ఉన్న వరుసలన్నీ ఒక్కొక్కటి కిందికి జరగాలి, అన్న నలభై ఒకటి పంతొమ్మిదీ ఇరవై రెండుగా విడిపోవాలి. ఆ సాయంత్రం చెల్లె బెల్టు తీసి సంచుల మీద పెట్టిందే, అక్కడ మళ్ళీ ఒక ‘ఖాళీ’ వరుస కూడా రావాలి. అన్న ఇప్పుడు హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నాడు, మీటింగుల మధ్యలో ఈ విషయం మీద మూడు వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. చివరిదాంట్లో “సరే, ఆమెకు గూడ ఎడిట్ యాక్సెస్ ఇయ్యి” అన్నాడు. ఇచ్చాను. ఇప్పుడు ఎనిమిదో నంబరు ఆమెది. నోట్స్ కాలమ్‌లో ఆమె ఏమీ రాయలేదు. అన్న రాశాడు: “కాలు లాగింది.”

మీరు కూడా ఇలాంటి టేబుల్ ఒకటి చదివి చూడాలనుకుంటే దూరం వెళ్ళక్కర్లేదు. మన స్పోర్ట్స్ రూమ్ గోడ మీద ఇంటర్ బ్రాంచ్ కబడ్డీ విజేతల బోర్డు ఉంది. పైనుంచి కిందికి బ్రాంచుల పేర్లు చూడండి, ఏ బ్రాంచ్ వరసగా ఎన్నేళ్ళు గెలిచిందో చూడండి. 2019 తర్వాత పెయింటరు ఏ గ్యాప్ ఇవ్వకుండా నేరుగా 2022 రాశాడు. మధ్యలో ‘ఖాళీ’ అని కూడా లేదు. గర్ల్స్ టీమ్‌ల బోర్డు ఎక్కడుందో తెలిసినవాళ్ళు వచ్చే సంచికకి రాయండి.